తొందర లేని ఇంజన్

“మామయ్యా, ఇది మన అంబాసిడర్ ఇంజనే కదా!” అన్నాడు మా మేనల్లుడు, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

కిందటి వేసవిలో వాడి చెల్లెలి పెళ్ళి మాంచెస్టర్‌లో జరిగింది. ఊరేగింపుకు గుర్రం దొరకలేదో, దొరికినా పెళ్ళికొడుకు ఎక్కనన్నాడో తెలియదు గాని, వియ్యాలవారు ఒక పాత బెంట్లీ ఆర్నాజ్‌ను అద్దెకు మాట్లాడారు. ముహూర్తానికి ఇంకా గంట వ్యవధి ఉంది. బండి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్న మా ఇద్దరినీ చూసి, దాన్ని నడిపే డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి ముచ్చటపడి బానెట్ ఎత్తి చూపించాడు. మా వాడు హైదరాబాద్‌లో ఇంజన్ల డిజైన్ చేసే ఆఫీసులో ఉద్యోగి. పైపై మెరుపులు వాడికి ఆనవు. నిలబడ్డచోటే వివరాలన్నీ వెతికి చదివేశాడు. ఎనిమిది సిలిండర్లకూ కలిపి మధ్యలో ఒకే క్యామ్ షాఫ్ట్, అంటే వాల్వులను తెరిపించే ఇరుసు, దాని మీద నుంచి పుష్‌రాడ్లనే పొడవాటి కడ్డీలు, ఆ పైన వాల్వులను నొక్కే రాకర్లు, సిలిండర్‌కు రెండే వాల్వులు. 1959 నాటి డిజైన్. “ఇంత డబ్బు తీసుకుని పాత సామాను అంటగట్టారు” అని తీర్పు చెప్పేశాడు.

వాడు చదివిన వివరాల్లో తప్పు లేదు. అంబాసిడర్‌లోకి 1489 సీసీ పుష్‌రాడ్ ఇంజన్ వచ్చింది కూడా 1959లోనే. మా నాన్న విజయవాడలో పదహారేళ్ళు తిప్పిన టాక్సీలో ఉన్నది అదే. ఆ ఇంజన్ పక్కన బల్ల మీద కూర్చుని హోంవర్కు చేసుకున్నవాణ్ణి కనుక మేనల్లుడి మాట నాకు కొంచెం గుచ్చుకుంది. అప్పుడు జవాబు తట్టలేదు. తాళిబొట్టు ఎవరి సంచిలో ఉందో వెతుక్కునే సమయంలో వాల్వుల గురించి ఎవరు వాదిస్తారు? ఇంటికి వచ్చాక తీరిగ్గా ఆలోచిస్తే తేలింది ఇది: విలాసవంతమైన కారు ఇంజన్ గొప్పతనమంతా రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) లోపల ఉంటుంది. ఆ పైన అది ఏం చేసినా నాకు పట్టింపు లేదు. ఈ కొలతతో చూస్తే ఆ పాత సామాను తన తర్వాత వచ్చిన చాలా కొత్త సామాను కంటే మెరుగు.

ఒకే కారు, రెండు ఇంజన్లు

నా అదృష్టం కొద్దీ ఈ వాదనకు సాక్ష్యం ఆ ఆర్నాజ్ చరిత్రలోనే ఉంది. ఒకే కారులో మొదట కొత్త ఇంజన్ పెట్టి, తర్వాత దాన్ని తీసి పాతది పెట్టడం మోటారు లోకంలో అరుదు. ఇక్కడ అదే జరిగింది.

1998లో ఆర్నాజ్ మార్కెట్లోకి వచ్చినప్పుడు దానిలో ఉన్నది బీఎండబ్ల్యూ వాళ్ళ 4.4 లీటర్ల వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్. దానికి కాస్‌వర్త్ అనే ఇంజన్ల కంపెనీ నిపుణులు, గాలిని ఒత్తి లోపలికి నెట్టే టర్బోలు రెండు తగిలించారు. పైన నాలుగు క్యామ్ షాఫ్టులు, 32 వాల్వులు. మా మేనల్లుడు చూస్తే దండం పెట్టే సరుకు. నలభై ఏళ్ళ పాత ఇంజన్‌కు ఇక కాలం చెల్లినట్టేనని అందరూ అనుకున్నారు. సరిగ్గా ఆ ఏడాదే, ఇంగ్లండులోని క్రూ పట్టణంలో బెంట్లీ, రోల్స్ రాయిస్ కార్లు రెండూ తయారయ్యే కర్మాగారాన్ని విక్కర్స్ కంపెనీ అమ్మేసింది. ఫోక్స్‌వ్యాగన్ 43 కోట్ల పౌండ్లకు దాన్ని కొనుక్కుంది. తీరా చూస్తే రోల్స్ రాయిస్ అనే పేరు మీద హక్కు విమాన ఇంజన్లు చేసే వేరే కంపెనీది. వాళ్ళు ఆ పేరును బీఎండబ్ల్యూకు 4 కోట్ల పౌండ్లకు రాసిచ్చారు. ఇల్లు ఒకరికి, ఇంటిపేరు ఇంకొకరికి. పైగా ఫోక్స్‌వ్యాగన్ కొన్న ఇంట్లో పొయ్యి మాత్రం బీఎండబ్ల్యూది.

1999 చివర్లో పాత 6750 సీసీ ఇంజన్ తిరిగి ఆర్నాజ్‌లోకి ఎక్కింది. దానికి రెడ్ లేబుల్ అని, బీఎండబ్ల్యూ ఇంజన్ ఉన్నదానికి గ్రీన్ లేబుల్ అని పేర్లు పెట్టారు. అన్నట్టు ఈ ఇంజన్ అభిమానులు దాని పరిమాణాన్ని దశాంశాల్లో చెప్పరు, ‘ఆరూ ముప్పావు లీటర్లు’ అంటారు. శేర్లు, సోలలతో పాలు కొలిచిన మన పెద్దవాళ్ళు గుర్తొచ్చారు నాకు.

ప్రచార పత్రాలు పక్కపక్కన పెడితే కొత్త ఇంజన్‌ది 350 హార్స్ పవర్, పాతదానిది 400. తేడా యాభై. ఇంతోటిదానికి అంత గొడవ ఎందుకు అనిపిస్తుంది. తిప్పే బలం, అంటే టార్క్ దగ్గరకు వస్తే కొత్తది 570 న్యూటన్ మీటర్లు, పాతది 835. అదీ 2150 ఆర్‌పీఎం దగ్గరే. టార్క్‌ను చుట్ల వేగంతో గుణిస్తే శక్తి వస్తుంది కనుక నేనొక చిన్న లెక్క వేశాను. 2150 దగ్గర పాత ఇంజన్ దాదాపు 250 హార్స్ పవర్ ఇస్తుంది. అదే వేగంలో కొత్తది తన టార్క్ మొత్తం ఊడ్చి పెట్టినా 170 దగ్గర ఆగిపోతుంది. కాగితం మీది యాభై రోడ్డు మీద ఎనభై అయింది. రెండున్నర టన్నుల బండిని రోజంతా నడిపేది ఆ కింది మెట్ల మీదే. 350, 400 అనే అంకెల దాకా దాన్ని ఎవరూ తీసుకువెళ్ళరు.

పెళ్ళికారు డ్రైవరు ఇదే సంగతి అంకెలు లేకుండా చెప్పాడు. అంతకు ముందు ఆయన దగ్గర గ్రీన్ లేబుల్ బండి ఉండేదట. మంచి బండే, పెట్రోలు తక్కువ తాగేది అన్నాడు. అయితే ఎత్తు ఎక్కేటప్పుడు అది గేరు మార్చేదట. “ఇది మార్చదు. వెనక కూర్చున్న పెళ్ళికూతురికి కొండ ఎక్కామని తెలియదు” అన్నాడు. ఆ ముసలాయనకు ఇంజనీరింగ్ పట్టా లేదు. నేను ఇన్ని పేరాల్లో చెప్పబోయేది ఆయన మూడు ముక్కల్లో ముగించాడు.

ఇక్కడ నా వాదనకు ఒక చిల్లు ఉంది. దాన్ని మా వాడు తర్వాత ఫోనులో పట్టుకున్నాడు కూడా. “ఫోక్స్‌వ్యాగన్‌కు పాత ఇంజన్ మీద ప్రేమ పుట్టి కాదు మామయ్యా, పోటీ కంపెనీ దయ మీద బతకడం ఇష్టం లేక పెట్టారు.” నిజమే. గుండెకాయ లాంటి భాగాన్ని ప్రత్యర్థి దగ్గర కొనుక్కుంటూ ఎవరు నిద్రపోగలరు? 1999 నాటి నిర్ణయాన్ని పూర్తిగా ఇంజనీరింగ్ గెలుపుగా చూపించడం నాకూ కుదరదు. కానీ ఆ తర్వాత కథ ఉంది. 2003 నాటికి ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ సొంత ఆరు లీటర్ల, పన్నెండు సిలిండర్ల ఇంజన్ బెంట్లీ కాంటినెంటల్‌లోకి వచ్చేసింది. అది ఇంట్లో సరుకే, పైగా కొత్తది. అయినా 2010లో కొత్తగా తయారైన అతి ఖరీదైన మల్సాన్‌కు మళ్ళీ ఈ ఆరూ ముప్పావునే ఎంచుకున్నారు. అప్పుడు వాళ్ళ మెడ మీద ఎవరి కత్తీ లేదు.

పికప్ అనే మాట

మన దగ్గర టార్క్ అనే మాట వాడేవాళ్ళు తక్కువ. పికప్ అంటాం. “బండికి పికప్ లేదు” అన్న ఒక్క మాటతో ఆటోనగర్‌లో బేరం తెగిపోతుంది. నేను ఈ మాటనే ఇష్టపడతాను, ఎందుకంటే కాలు ఆనించగానే బండి కదలడంలోని సుఖం అందులో ఉంది.

చిన్నప్పుడు సంక్రాంతికి మా అమ్మమ్మగారి ఊళ్ళో బండలాగుడు పోటీలు చూసేవాళ్ళం. ఒంగోలు గిత్తల జత నిలబడినచోట నుంచి టన్నుల బరువున్న బండను కదిలించే ఆ మొదటి అడుగు కోసమే జనం ఊపిరి బిగబట్టేవారు. పందెపు గుర్రం ఎంత వేగంగా పరుగెత్తినా దాన్ని ఆ బండకు కడితే నవ్వులపాలవుతుంది. బరువైన కారుకు కావలసింది ఆ గిత్త మొదటి అడుగు. చిన్న ఇంజన్ కూడా ఆ పని చేయగలదు, కాని అందుకు గేరు దించి, ఆర్‌పీఎం పెంచి, గొంతు చించుకోవాలి. ఆ గొంతు వినబడకుండా చేయడానికి మళ్ళీ కిలోల కొద్దీ దుప్పట్లు, రబ్బరు చుట్టాలి. అసలు అరవవలసిన అవసరమే రాకుండా చూడటం మొదటి పద్ధతి కంటే తెలివైనదని నా నమ్మకం.

ఇక పుష్‌రాడ్ల సంగతి. అవి తప్పుడు డిజైన్ అని కుర్రవాళ్ళు ఎందుకు అనుకుంటారో నాకు తెలుసు. పొడవాటి కడ్డీ, రాకర్, స్ప్రింగు అన్నీ కలిసి బరువైన గొలుసుకట్టు. ఇంజన్ వేగం రెట్టింపయితే ఆ బరువును కుదిపే బలాలు నాలుగింతలు అవుతాయి. వేగం బాగా పెరిగితే వాల్వు సమయానికి మూసుకోకపోవచ్చు. అందుకే వేగంగా తిరిగే ఇంజన్లలో క్యామ్ షాఫ్ట్‌ను వాల్వుల నెత్తికి ఎక్కించారు. అయితే నాలుగున్నర వేల లోపే ఆగిపోయే ఇంజన్‌కు ఆ జబ్బు రానే రాదు. రాని జబ్బుకు మందు ఎందుకు? పైగా నాలుగు క్యామ్ షాఫ్టులు, వాటిని తిప్పే గొలుసులు లేకపోతే ఇంజన్ పైభాగం చిన్నదవుతుంది, చప్పుడు చేసే భాగాలు తగ్గుతాయి. దీనిలో క్యామ్ షాఫ్ట్‌ను తిప్పేది గొలుసు కాదు, గేర్లు.

దీన్ని గీసినవాడు రోల్స్ రాయిస్ ఇంజనీరు జాక్ ఫిలిప్స్. అప్పటికి వాళ్ళ కార్లలో ఉన్నది 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. దాని స్థానంలో 6230 సీసీ వి8 పెట్టాలి, బరువు మాత్రం పెరగకూడదు. అందుకని దిమ్మను అల్యూమినియంతో పోతపోసి, లోపల పిస్టన్లు ఆడే ఇనుప గొట్టాలు, అంటే లైనర్లు దించారు. వాటి వెలుపలి గోడకు చల్లార్చే నీళ్ళు నేరుగా తగులుతాయి. మన మెకానిక్‌లు ‘ఇంజన్ బోరుకు వచ్చింది’ అంటారు చూడండి, అలా అరిగినప్పుడు దిమ్మను తొలవనక్కరలేదు, లైనర్ తీసి కొత్తది వేసుకోవచ్చు. 90 డిగ్రీల కోణంలో నాలుగూ నాలుగూ సిలిండర్లు. పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్ పావు చుట్టు తిరిగినప్పుడల్లా ఏదో ఒక పిస్టన్ దాన్ని తోస్తూనే ఉంటుంది. ఒక తోపు అయిపోకముందే రెండో తోపు అందుకుంటుంది.

శబ్దం విషయంలో అన్నిటికంటే నాకు నచ్చేది హైడ్రాలిక్ ట్యాపెట్లు, అంటే క్యామ్ షాఫ్ట్‌కూ పుష్‌రాడ్‌కూ మధ్య నూనెతో పనిచేసే ముక్కలు. లోహం వేడికి సాగుతుంది కనుక మామూలు ఇంజన్‌లో రాకర్‌కూ వాల్వుకూ మధ్య సన్నని సందు వదలాలి. నాన్నగారి అంబాసిడర్‌కు అది అంగుళంలో వెయ్యికి పదిహేను వంతులు. ఆటోనగర్‌లో మెకానిక్ బాబాయి ఫిల్లర్ గేజి రేకును ఆ సందులో జొనిపి, కళ్ళు మూసుకుని లాగి చూసేవాడు. రేకు బిగువు చేతికి తెలియాలి, కంటికి కాదు అనేవాడు. ఆ సందు వల్లనే టిక్‌టిక్ మని సన్నని చప్పుడు. హైడ్రాలిక్ ట్యాపెట్‌లో ఆ ఖాళీని నూనె నింపేస్తుంది. సందు లేదు, చప్పుడు లేదు, బాబాయికి పనీ లేదు.

తమాషా ఏమిటంటే, ఇంత చేసినా 1959లో ఇది పాత ఆరు సిలిండర్ల ఇంజనంత నిశ్శబ్దంగా లేదని పెదవి విరిచినవాళ్ళు ఉన్నారు. ఈ రోజు మనం పాతకాలపు నాణ్యత అని మురిసిపోతున్న వస్తువు ఆ రోజు వచ్చిన కొత్త కోడలే. ఇంకో లోపం కూడా చెప్పాలి. ఈ ఇంజన్ పెట్టిన మొదటి రోల్స్ రాయిస్ సిల్వర్ క్లౌడ్ 2 బండ్లలో స్పార్క్ ప్లగ్గులు బానెట్ ఎత్తితే అందేవి కావు. చక్రం వైపు నుంచి, మడ్‌గార్డు లోపలి పలక విప్పి చేయి దూర్చాలి. వెనక సీట్లో కూర్చునేవాడి సుఖం గురించి అంత ఆలోచించినవాళ్ళు పాపం మెకానిక్ వేళ్ళ గురించి ఆలోచించలేదు.

అంబాసిడర్ ప్రశ్న

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది మేనల్లుడి మొదటి మాటే. పాత పుష్‌రాడ్ ఇంజన్‌ను దశాబ్దాల పాటు కొనసాగించడం బెంట్లీలో ఘనత అయితే అంబాసిడర్‌లో ఎందుకు కాదు? అక్కడ దొరల బండి కనుక సంప్రదాయం, ఇక్కడ టాక్సీ కనుక వెనకబాటుతనం అంటే అది వాదన కాదు, దాస్యం.

రెండింటికీ పోటీ గాలి తగలలేదు. అంబాసిడర్‌కు లైసెన్సుల గోడ అడ్డుగా ఉండేది. బెంట్లీకి మైలేజీ అడగని కొనుగోలుదార్ల జేబులు అడ్డుగా ఉండేవి. గోడ ఏదైనా ఫలితం సోమరితనమే కావాలి. క్రూలో కూడా కొన్నాళ్ళు అదే జరిగిందని నా అనుమానం. 1970ల మొదట్లో పిస్టన్ కదిలే దూరం (స్ట్రోకు) పెంచి 6230ని 6750 చేశాక చాలా ఏళ్ళు బయటికి కనబడే పెద్ద మార్పు లేదు. ఎంత శక్తి ఇస్తుందని అడిగితే అంకె చెప్పేవారు కాదు, చాలినంత అనేవారు. ఆ జవాబును అందరూ హుందాతనంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో కొంచెం బద్ధకం కూడా కనిపిస్తుంది.

ఆ బద్ధకం వదిలించింది గిరాకీ పడిపోవడం. 1980 నాటికి బెంట్లీ పేరుతో అమ్ముడయ్యేవి బహు కొద్ది. 1982లో, ఇదే పేరున్న పాత కారు మల్సాన్ టర్బోతో ఇంజన్ శక్తి ఒక్కసారిగా సగానికి సగం పెరిగింది. అప్పటి నుంచి ఇక ఆగలేదు. 2010 నాటికి క్రాంక్ షాఫ్ట్, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు అన్నీ మారాయి. బండి తేలిగ్గా పోతున్నప్పుడు ఎనిమిదిలో నాలుగు సిలిండర్లు విశ్రాంతి తీసుకునే ఏర్పాటు వచ్చింది. ఉన్న ఆ ఒక్క క్యామ్ షాఫ్ట్ తిరిగే కోణాన్నే ముందుకూ వెనక్కూ జరిపి వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే పద్ధతి పెట్టారు. మొదట్లో సుమారు 180 హార్స్ పవర్ ఇచ్చిన ఇంజన్ చివరికి 530 దాటింది. 2010 మల్సాన్‌లో టార్క్ 1020 న్యూటన్ మీటర్లు, 1750 ఆర్‌పీఎం దగ్గర. మల్సాన్ స్పీడ్‌లో 1100.

ఇన్ని మారాక అది పాత ఇంజనే అంటారా అని అడగవచ్చు. మా తాతగారు వేసిన పునాది మీద పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది, వాకిలి తూర్పు నుంచి ఉత్తరానికి మారింది. ఊళ్ళో ఇప్పటికీ అది తాతగారి ఇల్లే. కోణం, సిలిండర్ల అమరిక, మధ్యలో ఒంటరి క్యామ్ షాఫ్ట్: పునాది ఇక్కడ అదీ. ఆ పునాది ఎందుకు మోయగలిగింది? 1959లో లీటరుకు 30 హార్స్ పవర్ కూడా అడగలేదు కనుక. మొదటి రోజే పిండేయకపోవడం వల్ల అరవై ఏళ్ళ తర్వాత అడగడానికి ఇంకా మిగిలింది.

అంబాసిడర్ ఇంజన్‌లో ఆ ఓపిక లేదని నేను అనను. అది మొదటి నుంచీ గట్టి ఇంజన్. దాన్ని ఎవరూ ఆ స్థాయిలో మళ్ళీ గీయలేదు. 1990లలో ఇసుజు ఇంజన్ తెచ్చి పెట్టారు, అంటే పునాదిని బాగుచేయకుండా పక్క స్థలంలో ఇల్లు కట్టుకున్నారు. 2014లో కారే ఆగిపోయింది. కనుక మేనల్లుడికి నా జవాబు: రెండు ఇంజన్ల పుట్టుక ఒకే జాతి. తేడా పెంపకంలో ఉంది, ఆ పెంపకానికి డబ్బు కావాలి, ఆ డబ్బు మన టాక్సీ వాళ్ళ దగ్గర లేదు. చివరి ముక్క రాస్తుంటే నాకు కొంచెం నొప్పిగానే ఉంది.

లీటరుకు ఆరు

మల్సాన్ లీటరుకు సుమారు ఆరు కిలోమీటర్లే ఇస్తుంది. దీన్ని సమర్థించడానికి నా దగ్గర మాటలు లేవు. క్రూలో ఏడాదికి తయారయ్యేవి కొన్ని వందలే, అరవై ఒక్క ఏళ్ళలో మొత్తం 36 వేల ఇంజన్లే, లోకానికి ఎంత పొగ అంటారు అభిమానులు. ధనవంతుడి పొగ తక్కువ కనుక పొగ కాదు అనే ఈ తర్కం నాకు మింగుడుపడదు.

ఇంకా పెద్ద ఇబ్బంది నేను పెట్టిన కొలత నుంచే వస్తుంది. రెండు వేల ఆర్‌పీఎం లోపల ఎవరు గొప్ప అంటే, సున్నా దగ్గరే పూర్తి టార్క్ ఇచ్చే విద్యుత్ మోటారు గొప్ప. గేరు మార్చదు, ట్యాపెట్ లేదు, వణుకు లేదు. రోల్స్ రాయిస్ వాళ్ళ విద్యుత్ కారు స్పెక్టర్ 900 న్యూటన్ మీటర్లతో ఆ పని చప్పుడు లేకుండా చేసేస్తోంది. చార్లెస్ రోల్స్ 1900లోనే విద్యుత్ కారు శబ్దం, వాసన, వణుకు లేనిదని మెచ్చుకుని, ఛార్జింగ్ కేంద్రాలు ఏర్పడితే బాగా పనికివస్తుందని చెప్పాడు. అంటే ఆరూ ముప్పావు ఇంజన్ అరవై ఏళ్ళు తపస్సు చేసి చేరబోయిన చోటికి మోటారు పుట్టుకతోనే చేరింది. నా కొలత సరైనదైతే ఓటమి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటున్నాను. 2020 జూన్‌లో క్రూలో చివరి ఇంజన్‌ను బిగించినప్పుడు కన్నీళ్ళు పెట్టుకున్న అభిమానుల్లో నేను లేను. ఒక్కో ఇంజన్‌ను చేత్తో కూర్చడానికి పదిహేను గంటలు పట్టేదట. ఆ చేతులు ఇప్పుడేం చేస్తున్నాయో అన్న ఆలోచన మాత్రం వచ్చింది.

ఆ ఆలోచనతోనే కాబోలు, పెళ్ళి దగ్గర ఫోనులో రికార్డు చేసిన ఇంజన్ చప్పుడును, సంక్రాంతికి విజయవాడ వెళ్ళినప్పుడు మెకానిక్ బాబాయికి వినిపించాను. ఆయన ఇప్పుడు షెడ్డు కొడుక్కి అప్పగించి, బయట కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. ఫోను చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు.

“స్టార్టు చేయలేదేమిటి నాయనా?”

చేశారు బాబాయ్, అది నడుస్తున్న చప్పుడే అన్నాను. నమ్మలేదు. మళ్ళీ విన్నాడు. ట్యాపెట్ గ్యాపు ఎంత పెడతారని అడిగాడు. గ్యాపు లేదు, నూనె చూసుకుంటుంది అని చెప్పాను. మొహం కొంచెం వాడింది.

“అయితే మాకిక అందులో చేయడానికి ఏముంది?”

మొదటి బండ్లలో ప్లగ్గుల కోసం చక్రం పక్క నుంచి చేయి దూర్చవలసి వచ్చేదని చెప్పాను. ఎలా ఉంటుందో నేల మీద వేలితో గీసి చూపించమన్నాడు. గీశాను. కాసేపు దాన్నే చూసి, కొడుకును కేకేసి, పొడవు పిడి ఉన్న పాత ప్లగ్గు పానా ఎక్కడ పెట్టావని అడిగాడు.